వేళ మించిన చదువు: దుర్గాబాయమ్మ స్మృతి

దుర్గాబాయమ్మ పేరు చెప్పగానే బడిపిల్లలకు గుర్తువచ్చేది టిక్కెట్టు కథ. 1923 డిసెంబరులో, మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, దానికి తోడుగా ఏర్పాటయిన ఖద్దరు ప్రదర్శన వాకిట పద్నాలుగేళ్ల బాలిక ఒకతె వాలంటీరుగా నిలబడి ఉన్నది. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోనికి పోనీయరాదని ఆమెకు పెద్దల ఆజ్ఞ. వచ్చినవారు జవాహర్‌లాల్ నెహ్రూ. ఆ పిల్ల ఆయనను ఆపివేసింది. నిర్వాహకులు ఆయనకు టిక్కెట్టు తెప్పించిన తరువాతనే దారి విడిచింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, ఆ దీక్షను మెచ్చుకున్నారు.

మంచి కథే. తరగతిలో క్రమశిక్షణను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయులకు చక్కగా ఉపయోగపడుతుంది. కాని ఆ ఒక్క కథతోనే ఆమెను గుర్తుంచుకుంటే దుర్గాబాయమ్మను సగం కూడా ఎరిగినట్లు కాదు. డెబ్బయి ఒక్క సంవత్సరాల ఆ జీవితంలో పెద్దలు పెట్టిన కట్టడిని నిలబెట్టిన ఘట్టం ఇది. కట్టడిని దాటిన ఘట్టాలు ఇంతకు ఎన్నోరెట్లు. ప్రతిసారీ ఆమె తాను ఒక్కతే దాటి ఊరుకోలేదు. వెనుక ఉన్నవారిని కూడా చేయిపట్టి దాటించారు. ఆమె సాహసమూ ఆమె ఔదార్యమూ రెండు వేరు గుణాలని అనుకోవడానికి వీలులేదు.

అందుకు మొదటి నిదర్శనం టిక్కెట్టు కథకు రెండేళ్ల ముందటిదే. 1921 ఏప్రిల్ 2న గాంధీజీ కాకినాడకు వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్లయినా నిండలేదు. ఊరిలోని దేవదాసీలు, పరదా విడిచి బయటకు రాని ముస్లిం స్త్రీలు మహాత్ముని చూడవలెనని ఆ పిల్ల పట్టుబట్టింది. బహిరంగసభకు వారు రాలేరు. వచ్చినా పక్కన కూర్చోనిచ్చేవారు లేరు. మహాత్ముడే వారి వద్దకు రావాలి. సన్నాహసంఘం పెద్దలు ఈ కోరికను ఎట్లా తప్పించుకోవలెనా అని ఆలోచించి, అయిదు వేల రూపాయల నిధి పోగుచేసి ఇస్తే ఆయన సమయంలో కొన్ని నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజులలో అయిదు వేలంటే సామాన్యమా? చిన్నపిల్ల, అంత సొమ్ము ఎక్కడ తేగలదని వారి ధీమా.

ఆ సొమ్ము తెచ్చినవారు దేవదాసీలే. నిధి చేకూరింది. రైలు దిగి సభాస్థలికి పోయే దారిలో ఒక పాఠశాల ఆవరణలో ఆ స్త్రీలంతా చేరారు. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా వారితో గడిపారు. స్త్రీలు గాజులు, గొలుసులు తీసి ఆయన ముందు కుప్ప పోశారు. పెద్దలు అడిగిన మొత్తానికి అనేక రెట్లు పోగయింది. దుర్గాబాయి తన చేతుల బంగారు గాజులు తీసి ఇచ్చింది. ఆయన హిందీలో చెప్పిన మాటలను ఆ పిల్లే తెలుగు చేసింది. తరువాత ఊరి మహాసభలో దేశభక్త కొండా వెంకటప్పయ్య గారు అనువాదానికి సిద్ధంగా ఉండగా, గాంధీజీ ఆయనను కాదని ఈ పిల్లనే పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. టిక్కెట్టు కథ పాఠ్యపుస్తకాలకు ఎక్కి, దీనికి అంత ప్రచారం రాకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. నిబంధనను పాటించిన పిల్లను పెద్దలు సులభంగా మెచ్చుకుంటారు. దేవదాసీలను వెంటబెట్టుకుని వచ్చిన పిల్లను మెచ్చుకోవడానికి పెద్దలకు కొంత వ్యవధి కావాలి.

ఆ ధైర్యం ఆమెకు ఇంటి నుంచే వచ్చింది. 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి కాకినాడలో పెరిగారు. తండ్రి రామారావు గారు ఊరిలో కలరా, ప్లేగు వంటి మహమ్మారులు చెలరేగినప్పుడు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చునేవారు కారు. రోగులకు పరిచర్య చేయడం, దిక్కులేని శవాలను దహనానికి చేర్చడం ఆయనకు అలవాటు. భయం పోవలెనని పిల్లలను కూడా శ్మశానాలకు, మసీదులకు, చర్చిలకు వెంట తీసుకుపోయేవారు. ఇంతటి విశాలహృదయుడు కూడా ఆనాటి ఆచారాన్ని దాటలేక కుమార్తెకు ఎనిమిదవ ఏటనే వివాహం చేశారు. పిల్ల పెద్దదై, ఆ కాపురానికి పోనని నిశ్చయంగా చెప్పినప్పుడు మాత్రం తండ్రి, సోదరుడు నారాయణరావు ఆమె పక్షాననే నిలిచారు. భర్త సుబ్బారావు గారికి ఆమె స్వయంగా నచ్చజెప్పి, మరొకరిని వివాహం చేసుకొమ్మని కోరారు. ఆయన అంగీకరించారు. ఈ విషయం మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.

ఇక ఆమె చదువు. ఇంగ్లీషు మాధ్యమం తనకు వద్దని నిరసన తెలిపి చిన్నతనంలోనే బడి విడిచారు. విడిచిన పిల్ల ఊరుకోలేదు. తాను నేర్చుకున్న హిందీని స్త్రీలకు చెప్పడానికి బాలికా హిందీ పాఠశాల స్థాపించారు. కాకినాడ మహాసభలో పనిచేయడానికి హిందీ తెలిసిన స్త్రీ వాలంటీర్లు కావలసి వచ్చినప్పుడు ఆ శ్రమ అక్కరకు వచ్చింది. అయితే ఒకమాట స్పష్టంగా చెప్పుకోవాలి. తాను బడి మానివేయడం దేశం కోసమని ఆనాడు ఆమెకు తోచినా, దాని ఖరీదు ఆమెకు తరువాత తెలిసివచ్చింది. అది తెలిసినది చెరసాలలో.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. చెన్నపట్టణంలో ఆ ఉద్యమాన్ని నడిపిన ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు, దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులు ప్రభృతులతో పాటు ఇరవై ఒక్క ఏడు కూడా నిండని దుర్గాబాయి కూడా ముందు నిలిచారు. 1930కీ 1933కీ నడుమ మూడుసార్లు చెరకు వెళ్లారు. వెల్లూరు కారాగారం ఒక ఎత్తు, మధుర కారాగారం ఒక ఎత్తు. మధురలో ఏడాది పాటు ఏకాంతవాసం; ఆమె గది పక్కనే హత్యానేరాలకు ఉరిశిక్ష పడినవారి గదులు. ఆమె ఆరోగ్యం అక్కడ చితికిపోయింది. మళ్లీ పూర్తిగా కోలుకున్నది లేదు.

కాని ఆ గోడల నడుమ ఆమె దృష్టి పడినది తన బాధ మీద కాదు. తోటి స్త్రీ ఖైదీల మీద. తమపై మోపిన నేరం ఏమిటో, తాము దేనికి ఒప్పుకున్నామో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశామో తెలియనివారు వారిలో ఉన్నారు. చట్టం తెలిసిన మనిషి ఒక్కరు పక్కన ఉంటే వీరి గతి వేరుగా ఉండేది కదా అని ఆమెకు తోచింది. తాను న్యాయశాస్త్రం చదవాలని అక్కడే సంకల్పించారు. సంకల్పం సరే, ఆమె చేతిలో మెట్రిక్యులేషన్ కూడా లేదు!

పాతికేళ్ల వయసులో, చెరతో చెడిన ఒంటితో, పదిహేనేళ్ల పిల్లలు చదివే పుస్తకాలు ముందు వేసుకుని కూర్చోవడం ఎటువంటిదో ఉపాధ్యాయులు ఊహించగలరు. సత్యాగ్రహంలో లాఠీ ముందు నిలబడిన మనిషికి లెక్కల పుస్తకం ముందు చెమట పట్టదని ఎవరనగలరు? వాలంటీర్ల పిలుపుకు జనం జేజేలు పలుకుతారు. వయసు మీరిన విద్యార్థినిని చూచి ఇరుగుపొరుగు నవ్వుతుంది. దుర్గాబాయి కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. తరువాత ఇంటర్మీడియేటు. ఆ తరువాత రాజనీతిశాస్త్రంలో పట్టం కోసం వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆశ్రయించారు.

అక్కడ మరొక తలుపు మూసి ఉన్నది. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ‘ముసలమ్మ మరణము’ వ్రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారము’తో పండితలోకాన్ని కదిలించిన విమర్శకులు, ఆధునిక భావాలకు పెట్టిందిపేరు. అయినా స్త్రీలకు వసతిగృహం లేదు గనుక చేర్చుకోవడం సాధ్యపడదని చెప్పవలసి వచ్చింది. తప్పు ఆయనది అనడానికి లేదు. వసతిగృహం నిజంగానే లేదు. చదవడానికి ఆడపిల్లలు రారు గనుక వసతిగృహం కట్టరు. వసతిగృహం లేదు గనుక ఆడపిల్లలు రారు. మన విద్యాసంస్థలు ఎన్ని ఈ గానుగ చుట్టూ ఎన్ని ఏళ్లు తిరిగాయో!

దుర్గాబాయి వాదించలేదు, ఉపవాసం చేయలేదు. పత్రికలో ఒక ప్రకటన వేయించారు. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు తెలియజేయవలసిందని దాని సారాంశం. ఉత్తరాలు వచ్చాయి. వ్రాసిన అమ్మాయిలను కూడగట్టుకుని వారే ఒక వసతిని ఏర్పాటు చేసుకున్నారు. ఇక కాదనడానికి కారణం మిగలలేదు. ఆమెకు ప్రవేశం దొరికింది. ఆమెకు మాత్రమే కాదు, ఉత్తరం వ్రాసిన ఆ అమ్మాయిలకు కూడా. తన ఒక్కదాని కోసం సిఫారసు ఉత్తరం సంపాదించడం ఆమెకు కష్టమయ్యేదా? గాంధీ, నెహ్రూ, ప్రకాశం ఎరిగిన మనిషి. ఆమె ఆ దారి తొక్కలేదు. ఈ ప్రకటన కథ టిక్కెట్టు కథకు పక్కన అచ్చు కావలసినది.

విశ్వవిద్యాలయం చదువు ముగిసిన తరువాత మదరాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివి, 1942లో న్యాయవాదిగా నమోదయ్యారు. చెరలో చేసిన సంకల్పానికి పదేళ్ల చిల్లర పట్టింది.

ఈ నడుమనే, 1937లో, చెన్నపట్టణంలో ఆంధ్ర మహిళాసభ వెలిసింది. ఆనాడు చెన్నపట్టణం తెలుగువారికి కూడా రాజధాని. తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ ఉండేవి. ఆ ఇళ్లలో చదువు ఆగిపోయిన ఆడవారు ఎందరో. బాల్యవితంతువులు, భర్త విడిచినవారు, పెళ్లి పేరిట నాలుగవ తరగతిలో బడి మాన్పించినవారు. దుర్గాబాయి తాను పరీక్షకు కూర్చున్న విధంగానే వారినీ కాశీ మెట్రిక్యులేషన్‌కు సిద్ధం చేయించసాగారు. తాను ఎక్కడ తడబడినదీ ఆమెకు తెలుసు గనుక వారు ఎక్కడ తడబడతారో తెలుసు. ఒక సంఘం ఇట్లా పుట్టడం అరుదు. సాధారణంగా సంఘం పెట్టిన తరువాత ఏం చేయాలా అని వెదుకుతారు. ఇక్కడ పాఠం ముందు, సంఘం వెనుక. ‘ఆంధ్ర మహిళ’ అనే పత్రికను కూడా ఆమె నడిపారు. తరువాత ఆ సంస్థ వైద్యశాలలుగా, నర్సుల శిక్షణాలయాలుగా, కళాశాలలుగా విస్తరించి హైదరాబాదుకు కూడా వచ్చింది. విద్యానగర్ దారిన పోయేవారికి ఆ భవనాలు పరిచితాలే.

1946లో ఆమె మదరాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికయ్యారు. పరిషత్తులో స్త్రీలు పదిహేనుమంది. సభాధ్యక్ష స్థానంలో కూర్చోదగినవారి జాబితాలో ఉన్న స్త్రీ ఆమె ఒక్కరే. రాజ్యసభ సభ్యత్వానికి ముప్పయి అయిదేళ్లు నిండాలన్న ప్రతిపాదనను ముప్పయికి తగ్గించిన సవరణ ఆమెది. ఈనాడు ముప్పయి ఏళ్లకే ఆ సభలో అడుగు పెట్టగలిగిన ప్రతివారూ ఆమెకు కొంత బాకీపడినవారే. మరొక విషయం పిల్లలకు తప్పక చెప్పదగినది. పసితనంలో హిందీ పాఠశాల పెట్టిన ఈమె, 1949లో జాతీయభాషపై చర్చ వచ్చినప్పుడు, హిందీ ప్రచారకుల అత్యుత్సాహం ఇతర భాషల వారిని బెదరగొడుతున్నదని నిర్మొహమాటంగా చెప్పి, హిందుస్తానీ పక్షాన నిలిచారు. తాను ప్రేమించిన భాషకు సంబంధించి కూడా దౌర్జన్యం ఆమెకు గిట్టలేదు.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. చెరకు వెళ్లిన మనిషిని ఓటమి కుంగదీస్తుందా? ప్రణాళికాసంఘం సభ్యత్వం ఆమెను వెదుక్కుంటూ వచ్చింది. 1953 జనవరి 22న ఆమె ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. సాక్షులలో ఒకరు ప్రధానమంత్రి నెహ్రూ. కాకినాడలో టిక్కెట్టు లేక వాకిట ఆగిన నాటికి అప్పటికి ముప్పయి ఏళ్లు కావచ్చినది. ఆ యేడే ఆమె చైనా పర్యటనలో కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండడం చూచి వచ్చి, మన దేశంలోనూ అటువంటివి కావాలని నెహ్రూతోను, చాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోను చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో గాని రాలేదు. అప్పటికి ఆమె గతించి మూడేళ్లు.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడి, ఆమె దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె ఢిల్లీలో చేసిన పనులు అనేకం. అన్నిటినీ ఏకరువు పెడితే అది జీవితచరిత్ర కాక కార్యాలయ నివేదిక అవుతుంది. ఒక్కదానిని మాత్రం విడువరాదు. గ్రామాలలో పనిచేయడానికి గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, నర్సులు, మంత్రసానులు వేలసంఖ్యలో కావలసి ఉన్నది. ఆ పనికి ముందుకు రాగల స్త్రీలు గ్రామాలలోనే ఉన్నారు. కాని వారికి కావలసిన తరగతి ఉత్తీర్ణత లేదు. ఉద్యోగం ఉన్నది, మనిషి ఉన్నది, నడుమ చదువు అనే అగడ్త ఉన్నది. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాన్ని ప్రారంభించింది. బడి మానిన స్త్రీ, ఏళ్లతరబడి సాగే చదువును రెండేళ్లలో కుదించి చదివి పరీక్షకు కూర్చోవచ్చు. బిడ్డ తల్లి కావచ్చు, వితంతువు కావచ్చు, అడ్డులేదు.

ప్రభుత్వ పత్రాలలో అది ఒక పథకం. పరిశీలించి చూస్తే అది చెన్నపట్టణంలోని ఆంధ్ర మహిళాసభ తరగతే. ఇంకా పరిశీలిస్తే, పాతికేళ్ల వయసులో మెట్రిక్యులేషన్ పుస్తకం ముందు ఒంటరిగా కూర్చున్న దుర్గాబాయే. పథకాలు కార్యాలయాలలో పుట్టవచ్చు. ఈ పథకం మాత్రం ఒకరి అవమానం నుంచి, ఒకరి పట్టుదల నుంచి పుట్టినది. అదే యేడు స్త్రీవిద్యపై నియమితమైన జాతీయ సంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించారు. బాలికల చదువును కొంతకాలం ప్రత్యేక సమస్యగా పరిగణించి, బాలురకూ బాలికలకూ నడుమ ఉన్న అంతరాన్ని తగ్గించాలని 1959లో ఆ సంఘం నివేదించింది. ఆమె మాటలో అనుభవం బరువు ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

గౌరవాలు వచ్చాయి. 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి యేడు అక్టోబరు 2న దేశ్‌ముఖ్ గారు కూడా దివంగతులయ్యారు. 2018లో ఢిల్లీ మెట్రో రైలుమార్గంలో విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం వద్ద తెరచిన స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. రోజూ అక్కడ దిగే విద్యార్థినులలో ఆమె వాల్తేరు ప్రకటన కథ ఎందరు విన్నారో!

పైన విడిచిన విషయం ఒకటి ఉన్నది. ఆమె చిన్ననాటి భర్త సుబ్బారావు గారు ఆమె మాట ప్రకారం మరొకరిని వివాహం చేసుకున్నారు. ఆయన కాలం చేసిన తరువాత ఆ రెండవ భార్య నిరాధార అయినది. ఆమెతో దుర్గాబాయికి లోకరీతిని ఏ బంధమూ లేదు. ఉన్నదనుకుంటే అది లోకం సవతి అని పిలిచే బంధం. తన స్థానంలోకి, ఒక విధంగా తన సలహా మీదనే, వచ్చిన స్త్రీ. తాను వద్దని విడిచి వచ్చిన సంసారపు బరువు మోసిన స్త్రీ. దుర్గాబాయి ఆ విషయం మరువలేదు. ఆమెను పిలిపించుకుని తన వద్ద ఉంచుకున్నారు.

అన్నం పెట్టి ఊరుకుంటే లోకం దానినే గొప్ప దయ అని మెచ్చుకునేది. దుర్గాబాయి ఆమెను తీసుకుపోయి చేతిపని నేర్పే శిక్షణాలయంలో చేర్పించారు. ఆ వయసులో ఆమె కూడా పాఠం నేర్చుకుని, తన పనితో తాను బ్రతకగలిగే విద్య సంపాదించుకున్నది.